కొలంబోలో ప్రతి రాయినీ తట్టి చూసిన పుట్టినరోజు

మా ఆయన వీరాచారి ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. నేను అదే ఊళ్లో బడిపిల్లలకు పాఠాలు చెబుతాను. రాయి కొనేముందు శిల్పులు దాన్ని చిన్న సుత్తితోనో వేలి కణుపుతోనో తట్టి వింటారు. గంటలా మోగితే మంచి రాయి. పగిలిన కుండలా పలికితే లోపలెక్కడో నెర్రె ఉన్నట్టు. అలాంటి రాయిని ఎంచుకుంటే నెలల పని ఒక్క దెబ్బకు రెండు ముక్కలవుతుంది. ఈ మధ్య ఆయన కుడి చెవి పనిచేయడం మానేసింది, ఎడమదీ తగ్గుతోందని నా అనుమానం. మిషన్లతో రాయి కోసే రొదలో ఇన్నేళ్లు కూర్చుంటే ఏ చెవి మాత్రం నిలుస్తుంది? నంద్యాల డాక్టరు పరీక్ష చేయించుకోమంటే "ముందు యాభయ్యో పుట్టినరోజు కానీలే" అని దాటేశాడు. కొలిమిగుండ్ల వైపు ఒక గుడికి నిలువెత్తు అమ్మవారిని చెక్కి ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు, దానికి రాయి ఎంచాలి. ఆ దిగులుతో ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక, ఓడలు చూపిస్తానని చెప్పి కొలంబోకు టికెట్లు తీశాను.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెబుతాను. ఆళ్లగడ్డలో రాత్రి బస్సెక్కితే చాగలమర్రి, మైదుకూరు, కడప మీదుగా తెల్లారేసరికి చెన్నైలో ఉంటాం. మనిషికి తొమ్మిది వందలు పడింది. అక్కడి నుంచి విమానం గంటన్నర. ముందుగా తీసుకోబట్టి రానుపోను టికెట్లు ఇద్దరికీ ముప్పై వేల లోపే వచ్చాయి. వీసా అనుమతి ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. కొలంబో విమానాశ్రయం ఊరికి దూరం. కారుకు బోలెడు అడుగుతారు, బస్సులో మాత్రం గంటలో చవగ్గా ఊరి నడుమ ఫోర్ట్ అనే కోట ప్రాంతానికి చేరుకున్నాం. దారంతా ఈయన కుడి చెవిలో వేలు పెట్టి కదిలిస్తూనే ఉన్నాడు. ఏమయిందని అడిగితే ఏం కాలేదంటాడు.

పుట్టినరోజు పొద్దున ఒక తమిళుల హోటల్లో బియ్యప్పిండి సేవల్లాంటి ఇడియాప్పం, కొబ్బరి సంబల్ తిన్నాం. సంబల్ మన పచ్చికొబ్బరి కారానికి దగ్గర చుట్టం, రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. ఈయన మాత్రం తినడం మానేసి బల్ల మీది రాతిపలకను తడుతున్నాడు.

"ఏందప్పా నువ్వు, గమ్మునుండలేవా? ఈ పొద్దన్నా రాళ్లు ఇడిసిపెట్టు," అన్నాను.

"ఊరికే చూస్తాండాలే," అన్నాడు.

అది ఊరికే చూడటం కాదని నాకు తెలుసు. ఆయన చూసుకుంటున్నది రాయిని కాదు, తన చెవిని.

తర్వాత రేవు పక్కనున్న పాత దీపస్తంభానికి వెళ్లాం. దాని అడుగున కూర్చున్న సింహాలను చూడగానే ఒకదాని పంజా మీద కొట్టాడు. మ్యూజియంలోనూ రెండుసార్లు చెయ్యి చాపాడు, కాపలాదారు వద్దని వేలు ఆడించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బయట రోడ్డు దాటుతుంటే కుడివైపు నుంచి ఆటో హారన్ మోగిస్తూ వచ్చింది. ఈయన నడుస్తూనే ఉన్నాడు. చొక్కా పట్టి వెనక్కి లాగాను. ఆటో ఆగింది. తిట్టించుకుంటాం అనుకుంటే, డ్రైవరు దిగొచ్చి "దెబ్బ తగల్లేదు కదా అన్నా?" అని తమిళంలో అడిగాడు. పేరు సెల్వం. మిగతా పూటంతా అతని ఆటోలోనే తిరిగాం. తమిళ శిల్పుల దగ్గర పని చేసినందువల్ల ఈయనకు ఆ భాష బాగానే వచ్చు.

రాతిపని చూడాలని అడిగితే సెల్వం రేవుకు దగ్గర్లో ఉన్న శివాలయానికి తీసుకెళ్లాడు. గుడంతా నల్లరాయి. మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం తెరిచాకే వెళ్లండి. ఈయన ఒక్కో స్తంభానికి ఎడమ చెవి ఆనించి కణుపుతో మెల్లగా తట్టాడు. అన్నీ ఖంగుమన్నాయి. ఆ ముఖంలో నవ్వు చూసి, నా భయమే తప్పేమో అనుకున్నాను.

వెనక సందులో రోళ్లు, సమాధి పలకలు చెక్కి అమ్మే ముసలాయన కొట్టు ఉంది. ఈయన లోపలికి దూరి, గోడకు ఆనించిన పెద్ద పలక మీద గట్టిగా కొట్టాడు.

"ఇంటివా? గంట మాదిరి ఉంది," అన్నాడు నాతో.

నాకు వినబడింది గంట కాదు, చచ్చిన చప్పుడు. పెళ్లయినప్పటి నుంచి వంటింట్లో నిలబడి ఆయన కొట్టే ప్రతి రాయినీ వింటున్నాను. ఏ రాయి ఉంచుకుంటాడో, ఏది వెనక్కి పంపుతాడో ఆ చప్పుడుతోనే చెప్పగలను. ముసలాయన ఈయన వైపు జాలిగా చూసి తల దించుకున్నాడు. పుట్టినరోజు పూట నేనూ ఊరుకుందామనుకున్నాను. కానీ ఇంటికి వెళ్లి ఇదే చెవితో అమ్మవారికి రాయి ఎంచుతాడు కదా.

"పలుకు లేదప్పా. పగిలిన కుండ మాదిరుంది," అన్నాను.

ఈయన మళ్లీ కొట్టాడు. చెవి ఆనించి ఇంకోసారి కొట్టాడు. తర్వాత నేనన్నది నిజమేనా అని ముసలాయన్ని తమిళంలో అడిగాడు.

"అమ్మ చెప్పింది నిజమే. లోపల చీలింది. అందుకే పక్కన పెట్టాను," అన్నాడాయన.

సెల్వం మమ్మల్ని సముద్రం ఒడ్డున దింపాడు. అక్కడ గాలిపటాలు, రొయ్యల వడల బళ్లు, దూరంగా వరసలో నిలబడ్డ ఓడలు. అంత అందమైన చోట నాకు ఏడుపొచ్చింది. ఈయన రాతి గట్టు మీదే కూర్చున్నాడు, కానీ చేతులు కదల్లేదు. పొద్దుటి నుంచి ఆ తట్టుడు ఆపమని పోరు పెట్టినదాన్ని, ఆపేసరికి భయమేసింది.

"కొలిమిగుండ్లోళ్లకు నా చేత కాదని చెప్పేస్తా," అన్నాడు ఓడల వైపు చూస్తూ.

"నీ చేతులకేమయింది? చెవే కదా పోయింది. నువ్వు కొట్టు, నేను ఇంటా."

"రాళ్ల యార్డులో అందరూ చూస్తారే."

"చూడనీ."

రేవులోంచి పెద్ద ఓడ ఒకటి కూత వేసింది. అందరూ అటు తల తిప్పాక ఈయనా తిప్పాడు. "అది మాత్రం ఇనపడిందిలే," అని నవ్వాడు. ఆ పలక కొట్టాక ఆయన నవ్వింది అదే మొదటిసారి.

ఊరికొచ్చాక రాళ్ల యార్డుకు ఇద్దరం వెళ్లాం. అంతమంది శిల్పుల ముందు ఆయన సుత్తితో కొట్టి, యజమాని వైపు కాకుండా నా వైపు చూశాడు. కొన్నింటికి తల అడ్డంగా ఊపాను, ఒకదానికి సరేనన్నాను. పక్కనున్నవాళ్లలో ఒకడు నవ్వాడు. మా ఆయన అతని వైపు తిరిగి "ఈమె చెవి నాది," అన్నాడు, అంతే. నంద్యాలలో పరీక్ష కూడా అయింది. కుడి చెవి ఇక రాదన్నారు, ఎడమదానికి వినికిడి మిషన్ పెట్టారు. ప్రయాణాలు మనసుకు విశ్రాంతినిస్తాయని అందరూ రాస్తారు. మాకైతే ఒక్క నిమిషం విశ్రాంతి దొరకలేదు. ఇంటి దగ్గర నెలల తరబడి చెప్పుకోలేని మాట మాత్రం పరాయి దేశంలో చెప్పుకుని వచ్చాం.

వెళ్లేవాళ్లకు ఒక సలహా. మీలో ఒకరికి చెవి మందమైతే, విమానంలో సీట్లు ముందే ఎంచుకుని, వినబడే చెవి పక్కన కూర్చోండి. వెళ్లేటప్పుడు ఆ ఆలోచన రాక నేను ఆయన కుడిపక్కన కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఎడమపక్కన కూర్చున్నాను, చెన్నై దాకా మాట్లాడుతూనే ఉన్నాడు.