భుజంగరావు గారి అయస్కాంతం

భుజంగరావు గారు నా చొక్కా జేబు మీద అయస్కాంతం ఆనించి, ఒక్క క్షణం ఆగి తీసేసేవారు. అప్పుడాయనకు ఏం తెలిసేది? ఇన్నేళ్లయినా జవాబు దొరకలేదు.

గుడివాడలో పున్నారావు గారి స్టీలు బిందెల ఫ్యాక్టరీలో ఆయన బట్టీ మేస్త్రీ. నేను తయారైన సరుకు చూసి పంపేవాణ్ణి. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఆయన మెడలో తాడుకి వేలాడేది. పెళ్లి భోజనంలోనైనా ముందు గ్లాసుకి ఆనించాకే మంచినీళ్లు తాగేవారు.

"మంచి స్టీలుకి ఇది అంటుకోదండీ. ప్రెస్సులో బాగా సాగదీస్తే బిగుసుకుపోయి, అప్పుడు అంటుకుంటది. ఎర్రగా కాలిస్తే మెత్తబడి వదిలేసిద్ది. మనుషులూ అంతే."

ఓసారి దిగాలుగా వచ్చారు. "మా ఆవిడ ఇందిరాదేవి రెండ్రోజుల్నుంచి మాట్లాడట్లేదండీ."

"ఆనించి చూశారా?"

"చూశాను. అట్లకాడతో కొట్టింది."

"అంటుకుందా మరి?"

"అట్లకాడకి అంటుకుందండీ."

తొంభై ఏడు వేసవి, పెళ్లిళ్ల రోజులు. ఒక నొక్కుడు అయ్యాక బిందెను బట్టీలో కాల్చి, చల్లార్చి, అప్పుడు రెండోసారి నొక్కాలి. ప్రెస్సు మీదుండే పోతురాజు కోడూరు బస్సు తప్పిపోతుందని, కాల్చకుండానే పన్నెండు బిందెలు మళ్లీ నొక్కేశాడు. పన్నెండూ నిలువునా చీలాయి.

"రేపట్నుంచి రామాకు," అన్నారు పున్నారావు గారు.

పోతురాజు తల దించుకున్నాడు. తుఫానులో వాళ్ల చేపల పడవ పోయాక ఇంటిల్లిపాదికీ ఆ జీతమే ఆధారం.

భుజంగరావు గారు వచ్చి చీలిన బిందెకి అయస్కాంతం ఆనించారు. గట్టిగా అంటుకుంది.

"చూశారాండీ, కాల్పు చాల్లేదు. తప్పు ప్రెస్సుది కాదు, బట్టీది. అంటే నాది."

"ముప్పయ్యేళ్లుగా కాలుస్తూ ఇదేంటయ్యా?"

"కళ్లు ఆనట్లేదండీ. ఎటూ శనివారంతో మానేస్తున్నాగా."

"శనివారం దాకా ఎందుకు, ఇయ్యాళే మానెయ్. నీకు సన్మానమని శాలువా కూడా కొన్నాను, దండగ."

"ఎండాకాలం శాలువా ఎందుకులెండి."

ఆ బిందెలు బట్టీ ముఖం చూడలేదని నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. భుజంగరావు గారు నా జేబు మీద అయస్కాంతం ఆనించి, నా కళ్లలోకి చూసి, తీసేశారు. నోరు మూసుకున్నాను.

పున్నారావు గారు అటు తిరిగి పోతురాజుతో, "నువ్వెళ్లి పని చూసుకోవయ్యా," అంటున్నారు. భుజంగరావు గారు మునివేళ్ల మీద వెళ్లి ఆయన వీపుకీ ఓసారి ఆనించి చూశారు. పెదవి విరిచి, క్యారేజీ పుచ్చుకుని, ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా పెడన బస్సెక్కేశారు.