ఐదు అక్షరాల కుర్చీ

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నా ఉద్యోగం ఇంగ్లిషు మాటలకు అర్థాలు రాయడం. "అవన్నీ డిక్షనరీలో ఉంటాయి కదరా?" అని మా నాన్న అడిగారు. "ఉంటాయి నాన్నా, కానీ అవి నవ్వించవు, నన్ను పెట్టుకున్నది అందుకే" అన్నాను. ఆయన ఆలోచించి, చుట్టాలందరికీ మావాడు సాఫ్ట్‌వేర్ అని చెప్పేశారు.

మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం. మూడో అంతస్తులో, సెల్‌ఫోన్లలో ఆడుకునే మాటల ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. పొద్దున్నే ఒక జాబితా చేతికిచ్చేవారు. ఐదు అక్షరాల మాటలు, ప్రతిదాంట్లోనూ ‘ఏ’, ‘ఆర్’ రెండూ ఉండాలి. చెయిర్, అలారమ్, మార్చ్, గార్డ్, ఇలా నూటయాభై. ఒక్కోదానికి ఇంగ్లిషులోనే ఎనిమిది మాటలు మించకుండా అర్థం రాయాలి. ఆడేవాడు ఆ అర్థం చదివి మాట కనిపెట్టాలి. అలారమ్‌కి ‘మనం రోజూ గొంతు నొక్కే శ్రేయోభిలాషి’ అని రాశాను. చెయిర్‌కి ‘నిద్రపోవడం కోసం పెద్దలు కొట్టుకునే వస్తువు’. గార్డ్‌కి ‘కార్లకు సలాం కొట్టి బైకులను ఆపేవాడు’. ఈ చివరిదానికి మా టీమ్ లీడ్ బల్ల చరిచి నవ్వాడు. అది రాసేటప్పుడు మా గేటు దగ్గర రోజూ నన్ను పలకరించే మనిషి నాకు గుర్తుకు రాలేదు. వచ్చి ఉంటే ఇంకా బాగా రాసి ఉండేవాణ్నేమో. అప్పటి నా బుద్ధి అలాంటిది.

ఆ మనిషిది పాలమూరు వైపు. నలభై దాటిన వయసు. బోరబండలో కిరాయికి ఉండేవాడు. ఒక బంద్ రోజున ఇంటినుంచే పని చేసుకోమని ఆఫీసు మెయిల్ పెట్టినా, హాస్టల్లో కరెంటు లేక నడుచుకుంటూ వచ్చాను. బైకు తేలేదు, అద్దం పగిలితే ఏ ప్రాంతంవాళ్లూ కొత్తది కొనిపెట్టరు కదా. రోడ్డు మధ్యలో కుక్కలు ధీమాగా పడుకుని ఉన్నాయి. గేటు దగ్గర అతనొక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏంది సార్, బంద్ నాడు గూడ వచ్చిన్రు?"

"కాఫీ మిషను బంద్ పాటించదన్నా. నువ్వెలా వచ్చావు?"

"నడ్సుకుంట. బంద్ మేం జేస్తే సెలవు మీకొస్తది. అయినా మీ ఆంధ్రోళ్లు మమ్ముల్నే తిడ్తరు."

"నేను తిట్టలేదు. ఇంకో రెండు రోజులు పొడిగించమని అర్జీ పెడదామనుకుంటున్నా."

నవ్వాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "సార్, జర ఒక మాట" అన్నాడు. సూపర్వైజర్ పోస్టు ఒకటి పడిందట. పది రోజుల్లో ఇంటర్వ్యూ. ఇంగ్లిషులో నాలుగు ముక్కలు అడుగుతారట.

"సూపర్వైజరైతే కుర్చీ ఇస్తరు సార్" అన్నాడు, జీతం మాట ఎత్తకుండా.

మా భవనంలో గార్డుకు కుర్చీ లేదు. కూర్చుంటే కాపలా కాస్తున్నట్టు కనిపించదని రూలు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఎనిమిది దాకా నిలబడాల్సిందే. అతను ప్యాంటు కొంచెం పైకెత్తి చూపించాడు. పిక్క ఉబ్బి ఉంది. మేజోడు అంచు చర్మంలోకి దిగి గాడి పడింది. దవాఖానలో డాక్టరు నిలబడే పని మానెయ్యమన్నాడట. డాక్టరు కూర్చుని చెప్పి ఉంటాడు.

నాకు ఉపకారబుద్ధి పొంగుకొచ్చింది. పైకి వెళ్లి ఆ నూటయాభై మాటల జాబితా, నేను రాసిన అర్థాలతో సహా, ప్రింటు తీసి తెచ్చిచ్చాను. పదో తరగతి గైడు పద్ధతి మా ఇద్దరికీ తెలిసిందే. ఎడమ పక్క మాట, కుడి పక్క అర్థం, రెండూ కలిపి బట్టీ. ఒక్కో మాటకు తెలుగులో ఏమనాలో నేను చెబుతుంటే పక్కన రాసుకున్నాడు. కుడి పక్కనున్నవి జోకులని మాత్రం చెప్పలేదు. గార్డ్ దగ్గర వేలు పెట్టి, "గీ ముక్క ఏందంటది సార్?" అని అడిగాడు.

"గార్డ్ అంటే నువ్వే కదన్నా. తర్వాతిది చూడు" అన్నాను.

పది రోజులూ కాయితం మడిచి టోపీలో పెట్టుకుని చదివాడు. గేటు తీస్తూ చదివాడు, వేస్తూ చదివాడు. ఇంటర్వ్యూ అయిన సాయంత్రం నేను కిందికి దిగేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏమడిగారన్నా?"

"వాట్ ఈజ్ గార్డ్ అన్నడు సార్. నాకైతే పండుగనే. గడగడ జెప్పిన. ముగ్గురు నవ్విన్రు. ఒకాయనకైతే కండ్లల్ల నీళ్లొచ్చినయ్. ఎవరు నేర్పిన్రు అన్నడు. నీ పేరు జెప్పలే, నీ నౌకరికి ఏమన్న అయితదేమోనని."

నాకు ముందు నవ్వు వచ్చిందని ఒప్పుకోవాలి. బయటికి కూడా వచ్చింది. అతను అది అయిపోయేదాకా ఆగాడు.

"బయటికొచ్చినంక ఒకర్ని అడిగి అర్థం దెలుసుకున్న సార్. నువ్వు రాసిన దాంట్ల తప్పు లేదు. మేం జేసేది గదే. కానీ గది మీరు మీరు నవ్వుకునేతందుకు రాసుకున్న ముచ్చట. నా నోట చెప్పిస్తివి. అడిగితి గద సార్ నిన్ను, గీ ముక్క ఏందని."



మర్నాడు, ఇంటర్వ్యూ చేసిన ముగ్గురిలో ఒకరైన భవనం మేనేజర్ దగ్గరికి వెళ్లి ఆ రాత నాదని చెప్పాను. ఆయన మా వైపు మనిషే. "మీరా అండీ! ఎంత బాగా రాశారండీ! ఇంటికెళ్లి మా ఆవిడక్కూడా చెప్పానండీ" అన్నారు. పోస్టు సంగతి అడిగితే, వేరే ఆయనకి ఇచ్చేశామండీ అన్నారు. మెచ్చుకుంటుంటే తల దించుకుని బయటికి రావడం నాకు అదే మొదలు.

తర్వాతి బంద్ రోజున మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నూటయాభైకీ ఉన్నది ఉన్నట్టు అర్థాలు. అతనికి కూర్చునే వీల్లేదు గనుక నేనూ నిలబడ్డాను. గంటకే నా మడమలు మొరపెట్టుకున్నాయి. గార్డ్ దగ్గరికి రాగానే, నువ్వే చెప్పన్నా అన్నాను. రోడ్డువైపు చూస్తూ చెప్పాడు.

"లోపటోళ్లు బేఫికర్‌గ పనిజేసుకోనీకి, బయట కండ్లు తెరుసుకొని ఉండేటోడు."

దాన్ని ఇంగ్లిషులో ఎనిమిది మాటలకు కుదించడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. ఆటలో కూడా పాతది తీసి ఇదే పెట్టాను. "ఇందులో పంచ్ ఏది?" అన్నాడు టీమ్ లీడ్. లేదన్నాను. ఒంట్లో బాగా లేదా అని అడిగి వదిలేశాడు.

మూడు నెలలకు పార్కింగ్ వైపు రెండో గేటు తెరిచారు. దానికీ ఒక సూపర్వైజర్ కావాలి. అతను నూటయాభై మాటలూ అర్థం చేసుకుని మరీ వెళ్లాడు. రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"నీ ఎత్తెంత అన్నరు సార్. అయిదడుగుల తొమ్మిది అన్న. తెలుగులనే. సోమారం నుంచి రమ్మన్నరు."

"ఇంగ్లిషు?"

"అడగనే లే."

నేను నవ్వలేదు. ఈసారి అతనే నవ్వాడు, టోపీ తీసి, అందులో మడిచిన కాయితం చూపిస్తూ.

సోమవారం రెండో గేటు వైపు నుంచి బైకు మీద వెళ్లాను. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. అందులో వేరే గార్డు బూట్లు విప్పి కూర్చున్నాడు. మా సూపర్వైజర్ పక్కన నిలబడి ఉన్నాడు.

"కుర్చీ నీదే కదన్నా?"

"నాదే గద సార్, అందుకే ఎవరు కూసోవాల్నో నేను జెప్తున్న. అర్ధగంటకొకరు. నా వంతు తొమ్మిదిన్నరకు."

ఇంతలో వెనకనుంచి ఒక పెద్ద కారు వచ్చింది. కూర్చున్నవాడు లేవబోతే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, తనే గేటెత్తి సలాం కొట్టాడు. కారు లోపలికి పోయింది. నేను దాని వెనకే పోబోయాను. చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు.

"ఐడీ కార్డ్ సార్."