దిండిలో ఆకలి పరీక్ష

డిగ్రీ రెండో ఏడులో మా కాలేజీ వాళ్లు దిండిలో నాలుగు రోజుల అడ్వెంచర్ కోర్సు పెట్టారు. గోదాట్లో కయాక్ నడపడం, తాడు పట్టుకుని ఎత్తు నుంచి దిగడం, టెంటు వేసుకుని పడుకోవడం. ఆ జాబితాలో నా పేరు చేరడానికి మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది.

మాది అల్లవరం పక్క పల్లె. రొయ్యల చెరువులు. ఏళ్ల తరబడి చెరువు గట్ల మీద తిరిగి మా నాన్నకి లోకమంతా జారే చోటులాగే కనిపిస్తుంది. నాకు పంతొమ్మిదేళ్లు వచ్చినా రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకునేవాడు. పరీక్షలైతే హాలు బయట గొడుగేసుకుని మూడు గంటలూ నిలబడేవాడు. ప్రేమ కాదనను, కానీ చిరాకేసేది. నాకు ఆ కోర్సు సర్టిఫికెట్టు అక్కర్లేదు. నన్నెవరూ కాపలా కాయని ఒకే ఒక్క రోజు కావాలి. కోర్సులో చివరిదైన సర్వైవల్ పరీక్ష సరిగ్గా అలాంటి రోజే.

ఇన్‌స్ట్రక్టర్ గారు హైదరాబాద్ నుంచి వచ్చారు. గడ్డం, నిండా జేబులున్న ప్యాంటు. మమ్మల్ని జట్లుగా విడదీసి ఫోన్లూ డబ్బులూ తీసేసుకున్నారు. మా నలుగురు ఆడపిల్లల జట్టుకి ఒక మ్యాపు, ఒక దిక్సూచి ఇచ్చి, సాయంత్రానికి సముద్రం ఒడ్డున సరుగుడు తోట దగ్గరికి నడిచి చేరమన్నారు.

“దారిలో ఎవర్నీ ఏదీ అడగకూడదు. ఆకలంటే ఏంటో మీకు తెలియాలి,” అన్నారు.

పాపం, ఆయన అంతవరకూ కొండల్లోనే ఈ పరీక్ష పెట్టేవారట. కొండల్లో మనుషులుండరు. కోనసీమలో నాలుగడుగులకో అరుగు ఉంటుంది, దాని మీద ఒకావిడ ఉంటుంది.

మొదటి అరుగు అరగంటలోనే ఎదురైంది.

“ఏవమ్మా, ఎవరింటికి?” అందావిడ.

“ఎవరింటికీ కాదండి. సర్వైవల్ అండి.”

“ఆరెవరో నాకు తెలీదు గానీ, టిఫిన్లు చేసేరా?”

వద్దండి అన్నాం. మా వైపు మొదటి ‘వద్దండి’ మర్యాద, రెండోది మొహమాటం. మూడోది నోట్లోంచి వచ్చేసరికి ఇడ్లీలు ప్లేటులో పడిపోయి ఉంటాయి. నిజంగానే వద్దంటున్నామని మనిషిని నమ్మించే పద్ధతి మా జిల్లాలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. పరీక్ష సంగతంతా చెప్పి చూశాను.

“మీ మేస్టారు అడగొద్దన్నారు. తినొద్దన్లేదు కదా?” అని ఆవిడ ఇంకో గరిటె చట్నీ వేసింది.

తర్వాత కొబ్బరికాయల దింపు తీసే ఆయన ఒకాయన చెట్టు మీంచే మమ్మల్ని చూసి, దిగొచ్చి నాలుగు బొండాలు కొట్టిచ్చాడు. మధ్యాహ్నం ఒక క్రైస్తవుల ఇంట్లో పిల్ల పుట్టినరోజు. గేటు ముందు నుంచి తల వంచుకుని గబగబా పోతుంటే, అలా తల వంచుకు పోయేది ఆకలితోనేనని తేల్చి లోపలికి లాక్కెళ్లారు. ప్రార్థనా చేశారు, కోడికూరా వేశారు. బయల్దేరేటప్పుడు చేతికో డబ్బా పులిహోర పెట్టారు. మూడింటికల్లా మాకు నడక రావడం లేదు.

మ్యాపు ప్రకారం వెళ్తే ఒక కాలవ అడ్డొచ్చింది. దాని మీద కొబ్బరి దుంగ ఒక్కటే వంతెన. మిగతా ముగ్గురూ దాటేశారు. నాకు అలాంటివి నాన్న చెయ్యి పట్టుకోకుండా దాటిన అలవాటు లేదు. సగం దాకా వెళ్లి కిందికి చూశాను. అంతే, నడుం లోతు బురదలో ఉన్నాను. అవతలి గట్టు మీద వాళ్లు నవ్వలేక కూర్చుండిపోయారు. ఒక చెప్పు బురద మింగేసింది. నేను పాక్కుంటూ మళ్లీ ఇవతలి గట్టే ఎక్కాను, ఏడుపు దిగమింగి, రెండో చెప్పు కూడా అక్కడే విసిరేసి, మళ్లీ దుంగ ఎక్కాను. ఈసారి దాటాను. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

సరుగుడు తోట చేరేసరికి ఇన్‌స్ట్రక్టర్ గారు గ్లూకోజు నీళ్లతో సిద్ధంగా ఉన్నారు. “ఆకలి ఎలా ఉంది?” అని జాలిగా అడిగారు. మాలో ఒకమ్మాయి గట్టిగా త్రేన్చింది. ఆయన మా సంచి తీసి పులిహోర డబ్బా, అరటిపళ్ల అత్తం, పుట్టినరోజు కేకు ముక్క వరసగా బయటపెట్టి, చాలాసేపు సముద్రం వైపు చూశారు.

అప్పుడే సరుగుడు చెట్ల వెనక ఎవరో దగ్గారు. మోకాళ్ల దాకా బురద, తలకి తువ్వాలు, ఎండిపోయిన పెదాలు. మా నాన్న.

నా ఒళ్లు మండిపోయింది. “పొద్దున్నుంచీ నా ఎనకాలే వచ్చేవా?”

“ఆయ్,” అన్నాడు నేల చూస్తూ.

ఇన్‌స్ట్రక్టర్ గారు గ్లాసు అందిస్తే గడగడా తాగేశాడు. దారిలో మంచినీళ్లు కూడా అడగలేదట. అడిగితే ఏ ఊరు, ఎవరి తాలూకు అంటారనీ, చెప్తే ఆ కబురు నాకు చేరిపోతుందనీ భయం. అన్నమూ లేదు.

“ఈ రోజు పరీక్ష పాసైంది మీరొక్కరే అంకుల్,” అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా ఒక్క రోజూ పోయిందని ఏడుపొస్తోంది.

పక్కకి తీసుకెళ్లి అడిగాను. “నేను కాలవలో పడ్డప్పుడు చూసేవా?”

“చూసేనమ్మా.”

“మరి రాలేదేం?”

“సగం దూరం పరిగెట్టేను. ఈలోపు నువ్వే లేచేవు. మళ్ళీ దుంగెక్కుతున్నావు. ఇంక నాకేం పనుంది? అక్కడే కూలబడిపోయేను.”

వెళ్లి పులిహోర డబ్బా తెచ్చి, మూత తీసి చేతిలో పెట్టాను. నిలబడే సగం పులిహోర తినేసి, మూతి తుడుచుకున్నాడు.

“బండి దిండిలో ఉంది. నేనెళ్తాను. నువ్వు మీవోళ్ళతో బస్సులో వచ్చెయ్,” అని గట్టు పట్టుకుని బయల్దేరాడు.

వెనక్కి తిరిగి చూస్తాడు కదా అని నిలబడ్డాను. చూడలేదు. గట్టు చివర మలుపు తిరిగేదాకా నేనే చూస్తూ ఉన్నాను. ఒక్కసారి చూస్తే బాగుండుననిపించింది.