తాత తెరవని తలుపు

నా చిన్నప్పుడు మా తాత బైబిల్లోని పెద్దవాళ్ల గొప్పలు ఎక్కువగా చెప్పేవాడు కాదు. వాళ్లు ఎక్కడ తప్పారో చెప్పేవాడు. దేవుడు పొమ్మన్న ఊరికి పోకుండా యోనా ఓడెక్కి పారిపోయాడనీ, చెప్పిన మాట సగమే విని సౌలు రాజ్యం పోగొట్టుకున్నాడనీ ఆయన దగ్గరే విన్నాను. “మనకంటే దేవుణ్ణి బాగా ఎరిగినోళ్లు పాపా వాళ్లు. వాళ్లే మాట దాటినారంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాల?” అనేవాడు.

మోషే కథ మాత్రం నాకు మింగుడు పడలేదు. నీళ్ల కోసం బండతో మాట్లాడమని దేవుడు చెబితే, జనం సణుగుడుకు విసిగిపోయి ఆయన దాన్ని కర్రతో రెండుసార్లు కొట్టాడు. నీళ్లు వచ్చాయి, అందరూ తాగారు. కానీ అన్నేళ్లు ఆ జనాన్ని నడిపించిన మనిషిని, వాళ్లకు ఇస్తానన్న దేశంలోకి దేవుడు పోనివ్వలేదు. కొండ మీది నుంచి చూపించి సరిపెట్టాడు. అంత చిన్న తప్పుకు అంత శిక్షా అని ఆ పూట నేను అన్నం కూడా తినలేదు.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. తాత మా సంఘానికి పెద్ద. పాత గుడి వానకు కూలిపోతే ఊరూరా తిరిగి, బేతంచెర్ల బండలు తెప్పించి, కొత్త గుడి కట్టించాడు. గుడి తెరిచే ఆదివారం నంద్యాల నుంచి పెద్ద అయ్యగారు ప్రార్థనకు వస్తారనీ, తాతే తలుపు తీసి అందరికంటే ముందు లోపలికి అడుగు పెడతాడనీ ఊరంతా అనుకున్నారు.

ఆ ముందురోజు ఎండ మాడ్చేస్తోంది. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయి, గుడి ముందున్న బోరింగులో మాత్రమే నీళ్లు పడుతున్నాయి. పొద్దున్నుంచి అక్కడ ఒకటే కొట్లాట. సర్దిచెప్పీ చెప్పీ విసిగిపోయిన తాత, గుడి కడగడం అయ్యేదాకా ఎవరికీ నీళ్లు లేవన్నాడు. అప్పుడే రోడ్డు పక్క గుడిసెల్లో ఉండి కంకర కొట్టే ఒకామె వచ్చి బోరింగు కింద మట్టి కడవ పెట్టింది.

“ఒక్క కడవ పట్టుకుంటానప్పా. బిడ్డకు జ్వరం.”

“చెప్తాంటే ఇనపడలేదా? తీయ్ పక్కకు.”

ఆమె తీయలేదు. బోరింగు కొట్టసాగింది. తాత చేతికర్ర లేచింది. కడవ పగిలిపోయింది.

నేను గుడి మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మా తాత ఎవరి మీదైనా చెయ్యెత్తగా నేను ఎన్నడూ చూడలేదు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. “గుడి కడుక్కుంటాండావా, కడుక్కో. ఆడ నా బిడ్డ నోరు ఎండుతాండాది” అని వెళ్లిపోయింది.

తాత అక్కడే నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, మా ఇత్తడి బిందె తెచ్చి నిండా నీళ్లు పట్టి, భుజాన ఎత్తుకుని ఆ గుడిసెకు నడిచాడు. నేను వెనకాలే పోయాను. “తప్పు చేసినానమ్మా” అన్నాడు. ఆమె మొహం చూడకుండానే “ఈడ పెట్టు” అంది. తాత బిందె అక్కడే వదిలి వెనక్కి తిరిగాడు.

ఆదివారం అయ్యగారు వచ్చారు. జనం కిక్కిరిసి నిలబడ్డారు. తాళంచెవి అయ్యగారి చేతిలో పెట్టి తాత వెనక్కి జరిగాడు. జరిగింది అందరి ముందూ చెప్పి, “ఈ తలుపు నేను తీయకూడదు” అన్నాడు.

“దేవుడు క్షమించాడు పెద్దాయనా, రాండి” అన్నారు అయ్యగారు.

“క్షమించినాడయ్యా, నాకు తెలుసు. మోషేను గూడా క్షమించినాడు. అయినా ఆ దేశంలోకి రావద్దనె.”

అయ్యగారే తలుపు తీశారు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల పాటలు మొదలయ్యాయి. తాత బయటే నిలబడి, వచ్చినవాళ్లకల్లా బోరింగు కొట్టి నీళ్లు పట్టాడు. కంకర కొట్టే ఆమె కూడా మా ఇత్తడి బిందెతో వచ్చింది. ఆ బిందె ఆయనే నింపాడు.

నేను లోపల ఉండలేక బయటికి పరుగెత్తాను. నాకు దేవుడి మీద కోపంగా ఉంది.

“దేవుడు నిన్ను బయటే ఉండమన్నాడా తాతా?”

“నోటితో చెప్పలే పాపా. నాకు తెలిసింది. తెలిసినంక గూడా నా ఇష్టప్రకారం పోతే, అది రెండో దెబ్బ అయితాది.”

ఆ తర్వాతి వారం నుంచి ఆయన గుడికి వచ్చాడు, ఆఖరి వరసలో కూర్చున్నాడు. చనిపోయేదాకా సంఘ పెద్ద కుర్చీ వైపు పోలేదు. మొహంలో చిన్నబుచ్చుకున్న జాడ మాత్రం నాకు ఎన్నడూ కనబడలేదు.

ఇప్పుడు నంద్యాలలో నేను ఆదివారం బడి పిల్లలకు మోషే కథ చెబుతుంటాను. “అంత చిన్న తప్పుకా?” అని వాళ్లు నివ్వెరపోయి చూస్తారు. నేను వాళ్లను సముదాయించను. మాట వినడమంటే తప్పు చేయకుండా ఉండడమేనని నేనూ వాళ్ల వయసులో అనుకునేదాన్ని. తప్పు జరిగిపోయాక కూడా మాట వినడానికి ఇంకా చోటుంటుందనీ, అక్కడే అది అన్నిటికంటే కష్టమనీ ఆ రోజు ఎండలో నిలబడ్డ మా తాతను చూశాకే నాకు తెలిసింది.