ఎవరూ అడగని మొహం

మా పిన్నికి ముక్కు మీదే కోపం. ఫొటో స్టూడియో మూతపడ్డాక మ్యూజియంలో చేరింది. అక్కడ గోడంత సైనికుల గ్రూప్ ఫొటో ఒకటుంది. అది తీసిన మర్నాడే యుద్ధంలో ఆ సైనికులంతా పోయారు. వాళ్ళలో ఎవరు ఎవరో తేల్చడమే పిన్ని పని. పేరు తేలిన మొహం కింద చీటీ అంటిస్తుంది.

ఫొటోకి ఎప్పుడూ తెర వేసే ఉంచుతుంది. వచ్చినవాళ్ళు ముందు తమవాడి ఆనవాలు చెప్పాలి, ఆ తర్వాతే తెర తీస్తుంది. "ముందే చూపిస్తే ప్రతివాళ్ళూ ఎవరో ఒకర్ని పట్టుకుని మావాడే అంటారు. పాపం, వాళ్ళ ఆశ అలాంటిది" అంటుంది.

నిన్న క్యారేజీ ఇద్దామని వెళ్తే పిన్ని ఎదురుగా ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

"మా అన్నయ్యకి ఎడమ చెవి తమ్మె చిరిగి ఉండేదమ్మా. చిన్నప్పుడు నేనే కొరికేశాను."

పిన్ని నవ్వాపుకుంటూ తెర తీసింది. ఆవిడ వరసవరసా చూసుకుంటూ వెళ్ళింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది. చివరికి ఒక మూల, చీటీ లేని బక్కపల్చటి కుర్రాడి మీద వేలు పెట్టి ఆగిపోయింది.

పిన్ని భూతద్దంతో చూసి కసిరింది. "రెండు చెవులూ శుభ్రంగా ఉన్నాయి కదండీ! ఇతని కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు. అలాగని మీకు అంటగట్టమంటారా?"

"మావాడు ఇందులో లేడమ్మాయ్. నాకు తెలుస్తూనే ఉంది," అంది ఆవిడ, వేలు తీయకుండానే. "ఇతని కోసం ఎవరూ రాలేదంటున్నావుగా. నేనొచ్చానని రాసుకో."