లోవమ్మ కాలు, మాస్టారి హడావిడి

ఎవరికైనా దెబ్బ తగిలితే మనం అయ్యో అంటాం. మా పక్కింటి జోగేశ్వరరావు మాస్టారు మాత్రం "తగిలి ఎన్ని గంటలైందండీ?" అని అడుగుతారు. రామచంద్రపురంలో ముప్ఫై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. 2006లో రాజమండ్రి వెళ్ళి ఏదో సైన్సు పత్రిక చదివొచ్చారు. అంతే, ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరి గాయమూ వాళ్ళ సొంతం కాకుండా పోయింది.

మొదట దొరికిపోయింది నేనే. గడ్డం గీసుకుంటుంటే బ్లేడు తగిలి చెంప తెగింది. గోడ మీంచి తల పెట్టి కేకేశారు.

"తుడవకు దొరబాబూ! అక్కడ యుద్ధం మొదలైంది!"

"రక్తం కారుతోందండీ!"

"ఆగుతుందిలే! చర్మమంటే ఉత్త తోలనుకున్నావా? తెగ్గానే పక్కనున్న కణాలకి కబురందుతుందయ్యా! తెల్ల రక్తకణాలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూచోవు. సూక్ష్మజీవుల్ని చంపే మందు వాటిలో అవే తయారు చేసేసుకుంటాయి! ఫ్యాక్టరీ లేదు, లైసెన్సు లేదు!"

పెళ్ళివంటలో వేలు కోసుకున్న వంటాయన ఈయన్ని చూసి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. మాస్టారి భార్య అన్నపూర్ణమ్మగారు తెగిన తన వేలి మీద కాఫీపొడి అద్దబోతే ఈయన ఇల్లెగిరిపోయేలా అరిచారు.

"సబ్బుతో కడుగు! శుభ్రమైన గుడ్డ కట్టు! పాపం అవి పోరాడుతుంటే కళ్ళల్లో కాఫీపొడి కొడతావా?"

"సరే, అయితే ఇవాళ మీక్కూడా కాఫీ లేదు" అన్నారావిడ.

ఆ ఏడు వానాకాలం పంటకి సార్వా ఊడ్పులు మొదలయ్యాక, మా చేలో నాట్లు వేసే లోవమ్మ గాజుపెంకు తొక్కింది. అరికాలు చీరుకుపోయింది. బురదలో దిగితే చీము పడుతుంది. దిగకపోతే జట్టులో చోటు పోతుంది. మనిషి తగ్గితే మేస్త్రి వెంకటదుర్గ ఆ చోట ఇంకొకరిని పెట్టేస్తుంది, ఇక ఊడ్పులు అయ్యేదాకా అంతే. లోవమ్మకేమో ఆ కూలే ఆధారం.

మాస్టారు ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించారు, టీటీ ఇంజెక్షను పొడిపించారు. అక్కడితో ఊరుకున్నారా! రోజూ తెల్లారగానే బయల్దేరడమే.

"ఎక్కడికండీ?"

"లోవమ్మ కాలు చూడ్డానికి! పైన కొత్త చర్మం జరుగుతోందయ్యా, కింద మందు ఊరుతోంది! అబ్బబ్బ!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి బతుకుతెరువు పోయి ఏడుస్తుంటే ఈయనకి వినోదమా? నాలుగు మాటలు దులిపేద్దామనే అనుకున్నాను.

అయిదో రోజు చేనికెళ్ళాను. అన్ని వరసలూ తిన్నగా ఉన్నాయి. ఒక్క మూల మాత్రం పాము పాకినట్టుంది.

"ఇదెవరి నాటే దుర్గా?"

వెంకటదుర్గ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ చెయ్యి చూపించింది. వంగిన నడుములన్నీ చీరలవి, ఒక్కటి మాత్రం గళ్ళ లుంగీ. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో లోవమ్మ, కట్టుకట్టిన కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కేకలేస్తోంది.

"మాస్టారండీ, నారు మరీ లోతుకి పెట్టకండీ! ఆ వరస వంకరొచ్చిందండీ!"

"మీరేంటండీ ఇక్కడ?" అన్నాను, నోరు తెరిచి.

మాస్టారు నడుం పట్టుకుని లేచారు. మీసాల దాకా బురద.

"కుట్లు విప్పేదాకా ఆవిడ కాలు తడవకూడదు దొరబాబూ. చర్మం దాని పని అది చేసుకుంటోంది. మరి ఈవిడ పని ఎవరు చేస్తారు?"

నాలుగు మాటలు దులుపుదామనుకున్నందుకు సిగ్గేసింది, ఆయన్ని చూస్తే ముచ్చటేసింది. చెప్పులు విప్పి నేనూ దిగాను. నా వరస ఆయనదానికంటే అధ్వాన్నం.

కుట్లు విప్పిన నాలుగు రోజులకి, డాక్టరుగారు సరేనన్నాక, లోవమ్మ చేలో దిగింది. దిగీ దిగ్గానే మా ఇద్దరి నాట్లూ పీకి మళ్ళీ వేయడం మొదలెట్టింది. నాకు కాస్త రోషమొచ్చింది. మాస్టారు మాత్రం గట్టు మీద గెంతుతున్నారు.

"మన వరసల సంగతి వదిలెయ్యవయ్యా! ఆ నడక చూడు, నడక!"