ఉప్పు లేని గిన్నె

త్యాగరాజు వంటింట్లో ఉప్పుజాడీ ఉండేది గానీ, పొయ్యి మీది గిన్నెలో ఉప్పు పడి మూడేళ్ళయింది.

ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పై వాటా అతనిది. చీరాల నుంచి టైపిస్టుగా వచ్చి ఢిల్లీలోనే నలభై ఆరేళ్ళవాడయ్యాడు. పెళ్ళి మాట అతను ఎత్తలేదు, అతని తరఫున ఎత్తేవాళ్ళూ లేకపోయారు. డెబ్భై ఏడు చలికాలంలో పాల డిపో దగ్గర నుంచి ఒక గోధుమరంగు కుక్క వెంటబడి మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో పడుకుంది. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. ఆ దర్జా చూసి 'దొర' అని పేరు పెట్టాడు.

కింది వాటా జానకీదేవి ఒకసారి చెప్పింది, కుక్కకి ఉప్పు కూడు పెడితే బొచ్చు రాలి గజ్జి పడుతుందని, పుట్టింట్లో కళ్ళారా చూశానని. ఆ రోజు నుంచీ అన్నం, పప్పు చప్పగానే వండాడు. దొరకి పెట్టాక తన కంచంలో ఉప్పు చల్లుకునేవాడు. రానురాను చల్లుకోవడమూ మానేశాడు.

ఆఫీసులో మధ్యాహ్నం నలుగురు తెలుగువాళ్ళు డబ్బాలు కలిపి తినేవాళ్ళు. ఒకరోజు రంగనాథ్ అతని పప్పు నోట్లో పెట్టుకుని, "ఏమయ్యా రాజూ, కుక్కకి వండిందాంట్లో మాకూ వాటా తెచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. త్యాగరాజూ నవ్వాడు. మర్నాటి నుంచి అతని డబ్బా మీదికి ఎవరి చెయ్యీ రాలేదు. వారం తిరిగేసరికి కిటికీ పక్క బల్ల చూసుకుని ఒక్కడే కూర్చున్నాడు. పదేళ్ళ స్నేహాలు చిటికెడు ఉప్పు తక్కువైతే నిలవలేదు.

ఎనభై ఒకటి ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మెట్ల కింద చిరిగిన ఎలకల మందు పొట్లం, పక్కనే మూతి నాక్కుంటున్న దొర కనిపించాయి. ఊళ్ళో ఎవరు పురుగుల మందు తాగినా ఉప్పునీళ్ళు పోసి కక్కించేవాళ్ళు. త్యాగరాజుకి అదే గుర్తొచ్చింది. చెంబుడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి, దవడ పట్టి విప్పి, గొంతులో పోశాడు. దొర గింజుకుంది, కరవలేదు. రెండుసార్లు కక్కింది. కాసేపటికి ఒళ్ళంతా వణుకు పట్టి కాళ్ళు కొయ్యబారిపోయాయి. దుప్పట్లో చుట్టి ఆటోలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు.

డాక్టరు ముసలి సర్దార్జీ. ఏం తాగించావని అడిగాడు, ఎంత ఉప్పని అడిగాడు. త్యాగరాజు గుప్పిలి మూసి చూపించి, గజ్జి పడుతుందని ఇన్నాళ్ళూ చప్పిడే పెట్టానని చెప్పాడు.

డాక్టరు ఆ గుప్పిటినే చూస్తూ, "కూరలో చిటికెడుంటే కుక్కకేమీ కాదు భయ్యా. పచ్చళ్ళూ అప్పడాలూ పెట్టకు, అంతే. గజ్జి ఉప్పుతో రాదు, పురుగుతో వస్తుంది. చంపేది ఇదిగో, ఈ గుప్పెడు," అన్నాడు.

రెండు రోజులు గ్లూకోజు ఎక్కించాలని దొరని అక్కడే ఉంచారు. ఒట్టి చేతులతో తిరిగొచ్చి, జరిగింది జానకీదేవికి చెప్పాడు. ఆవిడ నొచ్చుకుంది. "అయ్యో, ఆ పొట్లంలో మందెక్కడిదండీ? పోయిన వారమే కలుగులో వొంపేసి, పొట్లం కడిగి మరీ పారేశాను."

దొర బతికింది. మూడోనాడు తీసుకొచ్చి మెట్ల దగ్గర దింపాడు. తను ముందు పైకెళ్ళి, చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. దొర సగం మెట్లెక్కి తల ఎత్తింది. చెంబుని చూసింది, చేతిని చూసింది. తోక కాళ్ళ మధ్యకి పోయింది. మెల్లిగా వెనక్కి దిగి జానకీదేవి గడప ముందు పడుకుంది.

నీళ్ళు సత్తుపళ్ళెంలోకి మార్చినా, చెయ్యి వెనక్కి పెట్టుకుని పిలిచినా రాలేదు. ఆవిడ మిగిలిన ఉప్మా పెట్టేది. "ఉప్పు కొంచెమే లెండి. మీ డాక్టరు పరవాలేదన్నాడుగా," అంది. బొచ్చు ఒక్కటీ రాలలేదు.

ఒకనాడు వంట చేస్తూ, ఇక చప్పిడి ఎవరికోసమని జాడీ మూత తీశాడు త్యాగరాజు. ఆ ఆదివారం గుప్పెడు తీసిన గుంట ఉప్పులో వేళ్ళ గుర్తులతో సహా అలాగే ఉంది. మూత పెట్టేసి, చప్పిడి పప్పే కంచంలో వడ్డించుకున్నాడు.